పుకార్ల వెలుగులో బతికిన మనిషికి నిఖార్సైన నివాళి రాయడం ఎలా?

హైదరాబాద్‌లో వార్తా డెస్కు మీద పనిచేసే వాళ్లందరికీ ఈ ఇబ్బంది తెలుసు. బిగ్‌బాస్‌తో పేరు తెచ్చుకున్న మనిషి, యూట్యూబ్ ఇంటర్వ్యూల్లో గొడవలతో వైరల్ అయిన ఒకప్పటి డ్యాన్స్ మాస్టర్, రెండు హిట్ల తర్వాత ప్రేమలు, విడాకుల వార్తల్లో తప్ప కనిపించని నటి. వీళ్లలో ఎవరో ఒకరు పోయారని రాత్రి తొమ్మిదింటికి కబురొస్తుంది. సిటీ ఎడిషన్‌కు టైమ్ దగ్గరపడుతుంటుంది. అప్పుడు ఎక్కువగా జరిగేవి రెండే. లోపలి పేజీలో నాలుగు లైన్లు వేసి చేతులు దులుపుకోవడం, లేదా సాయంత్రమంతా చానెళ్లు తిప్పిన సరుకునే కాస్త శుభ్రం చేసి అరపేజీ నింపడం.

రెండూ పాఠకుడికి అన్యాయమే. ఆ మనిషిని ఏళ్ల తరబడి చూసింది, తిట్టుకున్నది, మెచ్చుకున్నది మన పాఠకులే. ఆ జీవితం ఈ ఊరి ప్రజాజీవితంలో ఒక భాగం. మాజీ మంత్రి పోయినా, పేరున్న కవి పోయినా ఏ కొలతతో రాస్తామో ఇక్కడా అదే కొలత వాడాలి. నిజాలు నిర్ధారించుకోవాలి, చేసిన పనిని లెక్కలోకి తీసుకోవాలి, తప్పుంటే తప్పనే చెప్పాలి. అదెలాగో వరసగా చెబుతాను.

1. రాయాలా వద్దా, ముందు తేల్చుకోండి

ఫాలోవర్ల సంఖ్య చూసి నిర్ణయించకండి. ఈ మనిషి లేకపోతే ఏదైనా వేరుగా ఉండేదా అని అడగండి. ఒక వృత్తి కావచ్చు, ఒక చట్టం, ఒక వినోద కార్యక్రమం, జనం ఒక జబ్బు గురించి మాట్లాడుకునే తీరు, ఏదైనా కావచ్చు.

అమెరికాలో ఆనా నికోల్ స్మిత్‌నే తీసుకోండి. 1993లో ప్లేబాయ్ ఆ ఏటి మేటి మోడల్‌గా ఎంపిక చేసింది. 1994లో 26 ఏళ్ల వయసులో 89 ఏళ్ల చమురు కుబేరుణ్ని పెళ్లాడారు. ఆ తర్వాత బతికినంత కాలం గాసిప్ పత్రికలు ఆమెను వదల్లేదు. 2007 ఫిబ్రవరి 8న, 39 ఏళ్లకు చనిపోయారు. ఇంతవరకే చూస్తే నాలుగు లైన్లు చాలనిపిస్తుంది. కానీ భర్త ఆస్తి కోసం ఆమె వేసిన దావా 2006లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అక్కడ ఏకగ్రీవంగా ఆమె వైపే తీర్పు వచ్చింది. అదే వివాదం మీద 2011లో వచ్చిన మరో తీర్పు, ఈసారి ఆమె పక్షానికి వ్యతిరేకంగానే అయినా, దివాలా కోర్టుల అధికార పరిధినే మార్చేసింది. గంభీరమైన పత్రిక రాయాల్సిన కథ అక్కడుంది. గాసిప్ పత్రికలకు ఆ సంగతి పట్టదు కాబట్టి మనమే రాయాలి.

మన ఊళ్లో రాకేశ్ మాస్టర్ 2023 జూన్ 18న గాంధీ ఆసుపత్రిలో మరణించారు. చివరి ఏళ్లలో ఆయన్ను తెలిసిన కుర్రాళ్లలో చాలామందికి తెలిసింది యూట్యూబ్ క్లిప్పులే. కానీ ఆయన సినిమా పాటలకు నృత్యాలు కూర్చిన మనిషి, శేఖర్ మాస్టర్ లాంటి వాళ్లకు గురువు. ఒక నృత్య దర్శకుడు కెమెరా ముందు కోపగించుకునే మనిషిగా ఎలా మారాడు, ఆ కోపం మీద ఎన్ని చానెళ్లు బతికాయి అన్నది ఈ దశాబ్దపు హైదరాబాద్ కథ. దానికి అరపేజీ ఇవ్వడం న్యాయమే.

వద్దని చెప్పాల్సిన సందర్భాలూ ఉన్నాయి. తన ప్రమేయం లేకుండా ఎవరో తీసిన వీడియోతో వైరల్ అయిన మామూలు మనిషి చనిపోతే నివాళి పేరుతో ఆ వీడియోను మళ్లీ బయటికి తీయకండి. మైనర్ల విషయంలో అసలే వద్దు.

2. ఫైలు ముందే సిద్ధం చేసుకోండి

బతికున్న మనిషి నివాళి ముందే రాసిపెట్టడం మనవాళ్లకు అపశకునంగా అనిపిస్తుంది. పెద్ద సంస్థలన్నీ చేసే పని అదే. బ్రిట్నీ స్పియర్స్‌కు 26 ఏళ్లున్నప్పుడే ఆమె నివాళి సిద్ధం చేస్తున్నట్టు 2008లో అసోసియేటెడ్ ప్రెస్ ఒప్పుకుంది. ఎలిజబెత్ టేలర్ 2011లో చనిపోయినప్పుడు న్యూయార్క్ టైమ్స్ వేసిన నివాళి రాసిన మెల్ గస్సో అప్పటికి ఆరేళ్ల ముందే, 2005లో, పోయారు. అయినా ఆయన బైలైన్‌తోనే, అంటే రాసినవారిగా ఆయన పేరుతోనే వేశారు, ఎందుకంటే ఆ పని అంత బాగుంది. ఇలాంటి ఫైళ్లకు తాళం మాత్రం తప్పనిసరి. 2003లో సీఎన్‌ఎన్ తయారీలో ఉన్న నివాళి పేజీలు అందరికీ కనిపించాయి. 2008లో స్టీవ్ జాబ్స్ బతికుండగానే బ్లూమ్‌బర్గ్ నుంచి ఆయన నివాళి బయటికొచ్చింది. మన దగ్గర అదే పొరపాటు జరిగితే పది నిమిషాల్లో వాట్సాప్ అంతా పాకుతుంది.

ఫైల్లో ఏముండాలి? పుట్టిన ఊరు, అసలు పేరు, మొదటి పని, చేసిన పనుల జాబితా, కోర్టు కేసుల నంబర్లు, మాట్లాడగల నలుగురి ఫోన్లు. పాత సమాచారం కోసం బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, ప్రెస్ అకాడమీ డిజిటల్ చేసిన పాత దినపత్రికలు చూడండి. 2010 తర్వాతి వాళ్లకైతే యూట్యూబే పెద్ద ఆధారం. 2021 మేలో కొవిడ్‌తో పోయిన టీఎన్‌ఆర్ లాంటి వాళ్లు గంటల తరబడి చేసిన ఇంటర్వ్యూల్లో మనుషులు తమ బాల్యం, తొలి జీతం, అవమానాలు సొంత గొంతుతో చెప్పారు. థంబ్‌నెయిల్ చూసి చిన్నచూపు చూడకుండా ఇంటర్వ్యూ మొత్తం వినండి. ఏ నిమిషంలో ఏం చెప్పారో ఫైల్లో రాసుకోండి.

వీలైతే ఆ మనిషితోనే కూర్చోండి. కృష్ణానగర్ టీ కొట్టుల దగ్గర, ఫిల్మ్‌ఛాంబర్ మెట్ల మీద తేలికగా మాట్లాడే పాతతరం వాళ్లు ఇంకా ఉన్నారు. ఫోన్ చేసి అడిగేవాళ్లే తక్కువ.

3. చనిపోయారని నిర్ధారించుకోండి

మంత్రి పోయారన్న వార్తను నిర్ధారించుకోకుండా ఎవరూ వేయరు. గాసిప్ తారల దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త సడలుతుంది. 2024 ఫిబ్రవరి 2న పూనమ్ పాండే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయారని ఆమె సొంత ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలోనే పోస్టు వచ్చింది. దేశమంతా వేసేసింది. మర్నాడే ఆమె వీడియోలో కనిపించి, అవగాహన కోసం అలా చేశామన్నారు. అధికారిక ఖాతాలో వచ్చింది కదా అన్న ధీమా ఇక చెల్లదు. ఏ ఆసుపత్రి, ఏ ఊరు, అంత్యక్రియలెక్కడ, ఇంట్లో ఎవరు మాట్లాడారు అని ఎవరైనా అడిగి ఉంటే ఆ రోజే ఆగిపోయే వార్త అది.

2023 మార్చిలో కోట శ్రీనివాసరావు పోయారన్న పుకారు లేచింది. బందోబస్తుకని పోలీసులు ఇంటిదాకా వచ్చారని, తాను బతికే ఉన్నానని ఆయనే వీడియోలో చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన నిజంగా మరణించింది 2025 జులైలో. ఆ వయసులో ఆ మనిషి పడ్డ క్షోభను ఒక్కసారి తలచుకుంటే ఐదు నిమిషాలు ఆగడం కష్టం కాదు.

కనీసం ఇద్దరితో, విడివిడిగా, నేరుగా మాట్లాడండి. ఒకరు కుటుంబసభ్యులు లేదా మేనేజర్, మరొకరు ఆసుపత్రి బాధ్యులు లేదా స్థానిక పోలీసు ఇన్‌స్పెక్టర్. నటులైతే మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ కార్యాలయం ఉంది. పీఆర్వోల వాట్సాప్ గ్రూపులో పదిమంది ఒకే మెసేజ్ ఫార్వర్డ్ చేస్తే అది పది ఆధారాల కింద లెక్క కాదు, ఒక్కటే.

మరణం, మరణ కారణం వేర్వేరు వార్తలు. శ్రీదేవి 2018 ఫిబ్రవరి 24న దుబాయ్‌లో మరణించినప్పుడు మొదట గుండె ఆగిపోయిందని అందరం రాశాం. రెండు రోజుల తర్వాత, స్పృహ కోల్పోయి ప్రమాదవశాత్తు స్నానాల తొట్టెలో మునిగి చనిపోయారని దుబాయ్ అధికారులు చెప్పారు. ఆ గందరగోళంలో ఒక తెలుగు చానెల్ ప్రతినిధి స్నానాల తొట్టెలో పడుకుని మరీ చూపించారు. కారణం తేలకపోతే ‘మరణానికి కారణం ఇంకా తెలియరాలేదు’ అన్న వాక్యం చాలు.

4. పేరు, ఊరు, వయసు, పని

నివాళిని నిలబెట్టేవి ఈ నాలుగే. ‘బిగ్‌బాస్ ఫేం’, ‘జబర్దస్త్ ఫేం’ అని తగిలించి ముందుకెళ్లిపోవద్దు. బిగ్‌బాస్ తెలుగు 2017లో మొదలైంది, జబర్దస్త్ 2013లో. వాటిలోకి రాకముందు ఆ మనిషి పాతికేళ్లో ముప్పయ్యేళ్లో బతికారు. ఆ సంవత్సరాలు ఎక్కడ గడిచాయి?

సిల్క్ స్మిత 1960 డిసెంబర్ 2న ఏలూరు దగ్గరి కొవ్వలిలో విజయలక్ష్మిగా పుట్టారు. చదువు నాలుగో తరగతితో ఆగింది. 1980లో ఒక తమిళ సినిమాలో వేసిన పాత్ర పేరే ఆమె ఇంటిపేరైంది. 1981 నాటి సీతాకోకచిలుకలో ఆమె శరత్‌బాబు భార్య, ఒక మామూలు ఇల్లాలు. 1996 సెప్టెంబర్ 23న మద్రాసులో చనిపోయేనాటికి ఆ పాత్ర ఎంతమందికి గుర్తుంది? నివాళి రాసేవాడి పని అలాంటి పాత్రను వెతికి పాఠకుడి ముందుంచడం. నాట్యపాటలను దాచమని దీని అర్థం కాదు. అవి కూడా పనే, ఆమె కష్టపడి చేసిన పని.

వయసు దగ్గర సినిమావాళ్ల తేదీలను నమ్మలేం. వాళ్లెప్పుడైనా ఎన్నికల్లో నిలబడి ఉంటే అఫిడవిట్ చూడండి, కోర్టు పత్రాలుంటే అవి, లేకుంటే తోబుట్టువులను అడగండి. పుట్టిన తేదీ నుంచి మీరే లెక్కకట్టండి.

ఇంకొకటి, ఇది నాకు చాలా పట్టింపు ఉన్న విషయం. మన పాత పత్రికలు తిరగేస్తే హీరోకు ‘నటించారు’, ఐటం పాటల డ్యాన్సర్‌కు ‘నటించింది’ అని ఒకే పేజీలో కనిపిస్తాయి. చనిపోయిన రోజు కూడా ఆ తేడా చెరగదు. కాపీ దిద్దేటప్పుడు క్రియలన్నీ ఒకసారి చూడండి. పేజీలో మిగతావాళ్లకు ఏ గౌరవవాచకం వాడుతున్నారో ఆమెకూ అదే.

5. ఇంట్రో (మొదటి పేరా)

తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. మనకు అలవాటైన తీరు ఇది:

‘తన అందచందాలతో కుర్రకారును ఉర్రూతలూగించిన ఐటం భామ ఇక లేరు. ఆమె మృతితో టాలీవుడ్ శోకసంద్రంలో మునిగిపోయింది. ఆమె లేని లోటు తీరనిది.’

ఇందులో ఆ మనిషి ఎక్కడుంది? పేరు మార్చి ఎవరికైనా వేయొచ్చు. పరిశ్రమ నిజంగా శోకంలో మునిగిందా? అంత్యక్రియలకు ఎవరొచ్చారో మీ రిపోర్టర్ చూసే ఉంటారు.

ఇప్పుడు ఒక కల్పిత నర్తకి గురించి ఇలా రాసి చూద్దాం:

‘శ్రీకాకుళం జిల్లా నుంచి 2004లో హైదరాబాద్ వచ్చి, ఐదేళ్లు గ్రూప్ డ్యాన్సర్‌గా వెనక వరుసలో నిలబడి, ఒక్క పాటతో రెండు రాష్ట్రాలకూ తెలిసిపోయిన నర్తకి ఆదివారం నగరంలోని ఆసుపత్రిలో మరణించారు. ఆమె వయసు 41. కొంతకాలంగా మూత్రపిండాల వ్యాధికి చికిత్స పొందుతున్నారని సోదరుడు తెలిపారు. ఆ పాట తర్వాత ఆమెకు అవకాశాలకన్నా పుకార్లే ఎక్కువ వచ్చాయి. వాటి మీద ఆమె కోర్టుకెక్కి గెలిచారు.’

విశేషణాలు లేవు, జరిగినవి మాత్రమే ఉన్నాయి. చివరి రెండు వాక్యాలు మిగతా వ్యాసానికి దారి చూపిస్తాయి. పాఠకుడికి తెలిసిన పాటతో పట్టుకుని, తెలియని జీవితంలోకి తీసుకెళ్లడం అన్నమాట. రెండో పేరాలో మరణ వివరాలు ముగించేయండి. మూడో పేరా నుంచి బాల్యానికి వెళ్లి వరసగా రండి. 500, 600 మాటలు సరిపోతాయి. నడుమ ఒక్క చోటైనా ఆ మనిషి పనిలో ఉన్న దృశ్యం ఉండాలి: రిహార్సల్ హాలు, సెట్ మీద నిరీక్షణ, పండగ ఈవెంట్ల కోసం రాత్రి బస్సు ప్రయాణాలు. తోటి డ్యాన్సరో మేకప్‌మ్యానో చెప్పగలిగే వివరం పెద్ద హీరో ట్వీట్‌కన్నా ఎంతో విలువైనది.

6. పుకార్లను ఏం చేయాలి

పుకార్ల వల్లే తెలిసిన మనిషి గురించి పుకార్లు తీసేసి రాస్తే పాఠకుడు నమ్మడు. అన్నీ ఎత్తి పోస్తే అది నివాళి కాదు. నేను పాటించే పద్ధతి చెబుతాను.

కోర్టు, పోలీసు రికార్డులో ఉన్నది రాయొచ్చు, ఎలా ముగిసిందో కూడా రాస్తేనే. కేసు పెట్టినప్పుడు మొదటి పేజీలో వేసి, కొట్టేసినప్పుడు వదిలేసిన వార్తలు మన దగ్గర బోలెడు. ఆ మనిషే బహిరంగంగా చెప్పుకున్నది రాయొచ్చు, ఆయన మాటగానే. ఇవేవీ కాని పుకారు ఒక్క సందర్భంలోనే వస్తుంది. అది ఆ జీవితం దిశను మార్చినప్పుడు. అప్పుడు మనం రాసేది పుకారు నిజమా అన్నది కాదు. ఎవరు పుట్టించారు, ఎవరు అమ్ముకున్నారు, దానివల్ల ఏ సినిమా చేజారింది అన్నది. మన పత్రికే ఆ పుకారు వేసి ఉంటే ‘ఈ పత్రికతో సహా పలు పత్రికలు ఆధారాల్లేని ఆ వార్తను ప్రచురించాయి’ అని రాసే ధైర్యం ఉండాలి. నివాళిలో అన్నిటికన్నా కష్టమైన వాక్యం అది. డెస్క్ ఇన్‌చార్జితో పట్టుబట్టైనా వేయించండి.

చచ్చినవాడి కళ్లు చారెడన్నట్టు, పోగానే తప్పులన్నీ కడిగేయడం మన అలవాటు. బ్రిటన్‌లో జేడ్ గూడీ నివాళులు చదివితే ఈ చిక్కు ఎంత పెద్దదో తెలుస్తుంది. దంతవైద్యుడి దగ్గర సహాయకురాలిగా పనిచేసి, 2002లో బిగ్‌బాస్ లాంటి రియాలిటీ షో బిగ్ బ్రదర్‌తో పేరు తెచ్చుకున్నారు. ఆమె తెలివితేటల మీద గాసిప్ పత్రికలు ఏళ్ల తరబడి జోకులేసుకున్నాయి. 2007లో అదే ఇంట్లో శిల్పాశెట్టి మీద ఆమె, మరికొందరు చేసిన వ్యాఖ్యలు జాతి వివక్ష వివాదమై రెండు దేశాల్లోనూ దుమారం రేపాయి. 2008 ఆగస్టులో, శిల్పాశెట్టే నిర్వహిస్తున్న హిందీ బిగ్‌బాస్‌లోకి వచ్చారు. తనకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని ఆమె తెలుసుకున్నది అక్కడే, కెమెరాల ముందే. 2009 మార్చి 22న, 27 ఏళ్లకు మరణించారు. ఒక పత్రిక ఆమె బతికుండగానే నివాళి సంచిక మార్కెట్లోకి వదిలింది. మరోవైపు, ఆమె జబ్బు బయటపడిన తర్వాతి ఏడాది కాలంలో ఇంగ్లండ్‌లో దాదాపు 4 లక్షల మంది మహిళలు అదనంగా స్క్రీనింగ్ చేయించుకున్నారు. వివక్షను చెప్పకుండా దాటేస్తే అది అబద్ధం. ఆ 4 లక్షల మందిని వదిలేస్తే అదీ అబద్ధమే. రెండూ పక్కపక్కన పెట్టి, మధ్యలో ‘అయినా’, ‘కానీ’ అని తీర్పులు చొప్పించకుండా వదిలేయాలి. పాఠకుడు తేల్చుకోగలడు.

కత్తి మహేశ్ కూడా ఇలాంటి పరీక్షే. రోడ్డు ప్రమాదం తర్వాత 2021 జులై 10న చెన్నైలో మరణించారు. బిగ్‌బాస్ మొదటి సీజన్ పోటీదారు. రాముడి మీద వ్యాఖ్యలకు 2018 జులైలో హైదరాబాద్ పోలీసులు ఆరు నెలలు నగర బహిష్కరణ విధించారు. అభిమాన సంఘాలతో తగాదాలు ఎన్నో. కానీ ఆయన సినిమా విమర్శకుడు, దర్శకుడు, దళిత దృక్పథంతో మాట్లాడిన గొంతు. ఎవరికి నచ్చినా నచ్చకపోయినా బహిష్కరణ ఉత్తర్వును తేదీతో సహా రాయాలి, విమర్శకుడిగా ఏం చెప్పారో అది కూడా రాయాలి.

లండన్ డైలీ టెలిగ్రాఫ్‌లో 1986 నుంచి నివాళుల పేజీ చూసిన హ్యూ మాసింగ్‌బర్డ్ తాగుబోతును సరదా మనిషని, అబద్ధాలకోరును తన సాహసాలకు రంగులద్ది చెప్పేవాడని మర్యాదగా రాయించేవారు. ఆ పేజీ ఎంతో గొప్పది. అయినా మన దగ్గర ఆ దారి వద్దంటాను. సంకేతం తెలిసిన కొద్దిమందికే నిజం అందుతుంది, మిగతావాళ్లకు పొగడ్తే మిగులుతుంది.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. పోయినవాళ్ల మీద ఏమైనా రాయొచ్చన్నది భ్రమ. బతికుంటే వాళ్ల పరువుకు నష్టమయ్యే మాటను కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో రాస్తే, భారతీయ న్యాయసంహిత 356వ సెక్షన్ కింద అదీ పరువునష్టమే.

7. ఆత్మహత్య అయితే

ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. పద్ధతి వివరించకూడదు, ఆ చోటు వర్ణించకూడదు, సంచలన శీర్షిక, ఫొటోలు, వీడియోలు వద్దు. మానసిక ఆరోగ్య చికిత్స వివరాల ప్రచురణకు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 పరిమితులు పెట్టింది. వీటికి తోడు నేను చెప్పేది ఒకటే: కారణం ఒకటని తేల్చేయకండి. ఉదయ్‌కిరణ్ 2014 జనవరి 5న మరణించాక ఎన్ని కథలు తిరిగాయో మనకు తెలుసు. 2000లో, 2001లో వరసగా మూడు విజయాలు, నువ్వు నేనుకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటుడు అన్న వివరాలు ఆ కథల కింద పడిపోయాయి. మనిషి లోపల ఏం జరిగిందో బయటివాళ్లు చెప్పలేరు. బతికున్నవాళ్లను దోషులుగా నిలబెట్టే హక్కు నివాళికి లేదు. చివర మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 తప్పకుండా వేయండి.

8. ఫోన్, ఫొటో, శీర్షిక

ఇంటికి చేసే మొదటి ఫోన్ సీనియర్ చేయాలి, ఒక్కరే చేయాలి. ‘అమ్మా, ఆయన పని గురించి సరిగా రాయాలని చేస్తున్నాను’ అంటే చాలామంది మాట్లాడతారు. వద్దంటే పెట్టేయండి. మహాప్రస్థానం శ్మశానవాటిక గేటు దగ్గర ఏడుస్తున్న పిల్లల ముఖాల మీదికి కెమెరా పోనివ్వకండి. ఫొటో పని చేస్తున్నప్పటిదై ఉండాలి, ఆసుపత్రి మంచం మీదిది వద్దు. వెబ్ డెస్క్ పెట్టే శీర్షికను కూడా రాసినవాళ్లే చూడాలి. లోపల ఎంత శ్రద్ధగా రాసినా పైన ‘షాకింగ్’ అని పడితే అంతా వృథా.

9. వేసిన తర్వాత

మర్నాడు ఫోన్లొస్తాయి. ఊరి పేరు తప్పని చిన్నాన్న, ఆ సినిమా సంవత్సరం తప్పని అసిస్టెంట్ డైరెక్టర్. ప్రతి ఒక్కటీ పరిశీలించి, తప్పయితే పత్రికలోనూ వెబ్‌లోనూ సవరణ వేయండి. వికీపీడియా, యూట్యూబ్ చానెళ్లు రేపు మీ వ్యాసాన్నే ఆధారంగా చూపిస్తాయి. పోస్టుమార్టం నివేదిక వారాల తర్వాత రావచ్చు, అప్పటికి అందరూ మర్చిపోయి ఉంటారు. డైరీలో తేదీ రాసుకుని పోలీస్ స్టేషన్‌కు మీరే ఫోన్ చేయండి, కారణం తేలితే పాత వ్యాసంలో చేర్చి, ఎప్పుడు చేర్చారో కింద రాయండి. కొట్టేసిన కేసు, గెలిచిన దావా వివరాలు ఆలస్యంగా దొరికినా అలాగే చేయండి.